డైనింగ్ టేబుల్ మీద చందుర్తి యుద్ధం

సెమిస్టర్ సెలవుల్లో బడంగ్‌పేట్‌లో మా ఇంట్లో తమ్ముడూ నేనూ ఒక యుద్ధం ఆడాం. ఫోన్‌లో కాదు, డైనింగ్ టేబుల్ మీద. దీన్ని మినియేచర్ వార్‌గేమ్ అంటారు. బొమ్మ సైనికులు ఖరీదు కాబట్టి మేం అట్టముక్కలకి రంగులేసుకున్నాం.

ఒక్కో అట్ట ఒక బెటాలియన్. టర్న్‌కి ఆరు అంగుళాలు నడవొచ్చు, టేపుతో కొలవాలి. కాల్చడానికి నాలుగు పాచికలు. 4 గానీ ఆపైన గానీ పడితే దెబ్బ, అంటే సగటున రెండు. పక్క నుంచి కాలిస్తే పాచికలు రెట్టింపు. ఎందుకంటే అప్పటి మస్కెట్‌కి గురి తక్కువ. అందుకే భుజం భుజం ఆనించి వరసగా నిలబడి ఒకేసారి కాల్చేవాళ్ళు. ఆ వరస గబుక్కున పక్కకి తిరగలేదు.

ఇలాంటి ఆటలకి యూరప్ ఏడేళ్ళ యుద్ధం (1756–63) ఫేమస్. ఆ యుద్ధం మన దాకా కూడా వచ్చింది. 1758 డిసెంబర్‌లో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచ్ కాన్‌ఫ్లాన్స్, ఇంగ్లీష్ కల్నల్ ఫోర్డ్ తలపడ్డారు. విజయనగరం ఆనంద గజపతి రాజు ఫోర్డ్ వైపు. యూరోపియన్లు ఇద్దరికీ సుమారు 500 మందే. సిపాయిలు మాత్రం ఫ్రెంచ్ వైపు 6000, ఇంగ్లీష్ వైపు 2000 దాకా. ఫోర్డ్ సిపాయిలవీ ఎర్ర కోట్లే. అసలు ఇంగ్లీష్ బెటాలియన్ ఏపుగా పెరిగిన చేను వెనక దాగింది. ఫ్రెంచ్ వాళ్ళు సిపాయిలనే ఇంగ్లీష్ వాళ్ళనుకుని మీద పడ్డారు. చేను వెనక నుంచి వచ్చిన దెబ్బకి ఓడిపోయారు.

టేబుల్ మీద ఇద్దరికీ అన్నీ కనిపిస్తాయి కదా, మరి దాచడం ఎలా? అక్కని రిఫరీ చేశాం. ఏ ఎర్ర అట్ట ఎవరిదో చీటీ మీద రాసి తన దగ్గరే పెట్టుకుంది.

అసలు గొడవ ధైర్యం రూల్ దగ్గర వచ్చింది. దెబ్బ తిన్న బెటాలియన్ నిలబడాలంటే యూరోపియన్లకి 3 పడితే చాలు, సిపాయిలకి 5 పడాలని రాశాను. ఇంగ్లీష్ పుస్తకాల ధోరణి అలా ఎక్కేసింది. "అన్నా, మనోళ్ళకే ఎందుకు తక్కువ?" అన్నాడు తమ్ముడు. జవాబు లేదు. అందరికీ 4 పెట్టి మూడుసార్లు ఆడాం. రెండుసార్లు సిపాయిల వరస చెదిరింది. ధైర్యం లేక కాదు, ఒక్క వరస మీద అన్ని పాచికలు పడితే ఎవరైనా చెదురుతారు!

1759 ఏప్రిల్‌లో ఫోర్డ్ మచిలీపట్నం కోట పట్టుకున్నాడు. తర్వాత హైదరాబాద్ సలాబత్ జంగ్ దాన్ని ఇంగ్లీష్ వాళ్ళకే రాసిచ్చాడు. కల్నల్ పేరు చరిత్రలో ఉంది. ఆ వరసలో నిలబడ్డవాళ్ళ పేర్లు నాకు ఎక్కడా దొరకలేదు. కనీసం మా రూల్ బుక్‌లో వాళ్ళ నంబర్ మాత్రం సరిచేశాం.