పేరా చివరి మాట మొదటి పంక్తిని కదిలించే లెక్క

పరిశోధక విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలలో ఒకటి చూడడానికి చిన్నదే అయినా, దాని సమాధానం మాత్రం గణితశాస్త్రంలో చాలా లోతుకు తీసుకుపోతుంది. ఒక జర్నల్ తిరస్కరించిన వ్యాసాన్ని మరో జర్నల్‌కు పంపదలచి, వ్యాసాలను అచ్చుకు అమర్చే లేటెక్ అనే వ్యవస్థలో రాసిన ఫైలు మొదటి పంక్తిలో ఉన్న టెంప్లేటు పేరు మార్చగానే, ఒకే కాలమ్‌గా ఉన్న వ్యాసం రెండు కాలమ్‌లుగా ఎలా అమరిపోతుంది, అంతకన్నా వింతగా, పేరా చివర ఒక్క మాట చేరిస్తే ఆ పేరా మొదటి పంక్తి ఎందుకు కదులుతుంది అన్నదే ఆ ప్రశ్న.

మొదటి సగానికి జవాబు సులువు. టెంప్లేటు అంటే నింపవలసిన దరఖాస్తు ఫారం కాదు. శీర్షిక ఏ సైజులో ఉండాలి, సారాంశం ఎంత లోపలికి జరగాలి, ఉపశీర్షికలకు అంకెలు ఉండాలా అక్షరాలు ఉండాలా అనే నిర్ణయాలన్నీ ముందుగా రాసిపెట్టిన ఆదేశాల సంపుటి. రచయిత తన ఫైలులో ‘ఇది శీర్షిక’, ‘ఇది పట్టిక’, ‘ఇది ఉల్లేఖన’ అని మాత్రమే గుర్తుపెడతాడు, వాటి రూపం సంగతి టెంప్లేటు చూసుకుంటుంది. అమెరికన్ ఫిజికల్ సొసైటీ వారి రెవ్‌టెక్, ఇంజనీర్ల సంఘమైన ఐట్రిపుల్‌ఈ వారి ఐట్రిపుల్‌ఈట్రాన్, ఎల్సెవియర్ వారి ఎల్స్‌ఆర్టికల్ ఈ కోవకు చెందినవే. విషయాన్నీ రూపాన్నీ వేరుచేసే ఈ విభజన 1980ల తొలి సంవత్సరాలలో లేటెక్‌ను రూపొందించిన లెస్లీ ల్యాంపోర్ట్ సృష్టి అని చాలామంది రాస్తుంటారు గాని, అది పొరపాటు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో బ్రయాన్ రీడ్ 1980లో సమర్పించిన సిద్ధాంత గ్రంథానికి ఆధారమైన ‘స్క్రైబ్’ అనే వ్యవస్థలోనే ఈ ఆలోచన పూర్తి రూపంలో ఉంది. ల్యాంపోర్ట్ దానిని ‘టెక్’ అనే మరో యంత్రాంగం మీద ఎక్కించాడు. అసలు అద్భుతం ఆ టెక్ లోపల ఉంది.

టెక్‌ను సృష్టించిన డొనాల్డ్ క్నూత్ అప్పట్లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ శాస్త్ర ఆచార్యుడు. కంప్యూటర్ ప్రోగ్రామింగ్ మీద ఆయన రాస్తున్న గ్రంథమాలలోని రెండవ సంపుటి మొదటి ముద్రణ 1969లో కరిగించిన సీసంతో పోతపోసిన అచ్చుతో వెలువడింది. 1977లో రెండవ ముద్రణ ప్రూఫులు కొత్తగా వచ్చిన ఫోటో టైప్‌సెట్టింగ్ పద్ధతిలో రాగా, వాటి వికారాన్ని భరించలేక ఆయన తానే ఒక టైప్‌సెట్టింగ్ వ్యవస్థను నిర్మించడానికి పూనుకున్నాడు. ఏడాదిలో ముగుస్తుందని ఆయన అంచనా వేసుకున్న పని పదేళ్లకు పైగా సాగింది. ఆ జాప్యానికి లోకం ఎంతో ఋణపడి ఉంది, ఎందుకంటే ఆ కాలంలోనే ఆయన తన శిష్యుడు మైకేల్ ప్లాస్‌తో కలిసి, పేరాను పంక్తులుగా విరిచే సమస్యను 1981లో ప్రచురించిన వ్యాసంలో సంపూర్ణంగా పరిష్కరించాడు.

రెండు అంచులూ సమంగా ఉండేలా పేరాను అమర్చాలంటే ప్రతి పంక్తిలోనూ మాటల మధ్య ఖాళీలను కొద్దిగా సాగదీయాలి, లేదా కుదించాలి. చాలాకాలంపాటు కంప్యూటర్లు పట్టినన్ని మాటలను ఒక పంక్తిలో కూర్చి, మిగిలిన వెడల్పును ఖాళీలకు పంచి, వెనక్కి చూడకుండా తరువాతి పంక్తికి సాగిపోయేవి. ఈ అత్యాశ పద్ధతిలో మొదటి పంక్తి చక్కగా వచ్చినా, దాని పాపం మూడవ పంక్తికో నాలుగవ పంక్తికో చుట్టుకుని, అక్కడ మాటల నడుమ తెల్లని గుంటలు పడతాయి. క్నూత్, ప్లాస్ చేసిన పని ఈ వికారానికి ఒక కొలత ఇవ్వడం. టెక్‌తో వచ్చే మామూలు పది పాయింట్ల ఫాంటులో మాటల మధ్య ఖాళీ సహజ వెడల్పు 3.33 పాయింట్లు, అది 1.67 పాయింట్లు సాగగలదు, 1.11 పాయింట్లు ముడుచుకోగలదు. పంక్తి నిండడానికి కావలసిన సాగుడును ఆ పంక్తికి ఉన్న సాగే శక్తితో భాగించి, వచ్చిన నిష్పత్తిని ఘనం చేసి, వందతో గుణిస్తే ఆ పంక్తి ‘చెడు’ తేలుతుంది.

ఐట్రిపుల్‌ఈ టెంప్లేటులో కాలమ్ వెడల్పు మూడున్నర అంగుళాలు, అంటే సుమారు 252 పాయింట్లు. అందులో ఆరు ఖాళీలున్న ఒక పంక్తికి 10 పాయింట్లు తక్కువ పడ్డాయనుకుంటే, ఆరు ఖాళీల సాగే శక్తి కూడా సరిగ్గా పదే గనుక నిష్పత్తి 1, చెడు 100. అదే 10 పాయింట్ల లోటు ఒకే కాలమ్ టెంప్లేటులో పన్నెండు ఖాళీలున్న పంక్తికి వస్తే నిష్పత్తి సగానికి, చెడు 12.5కు పడిపోతుంది. లోటు అంతే ఉండగా వికారం ఎనిమిదో వంతుకు తగ్గింది. రెండు కాలమ్‌ల జర్నళ్లలో మాటలు అంత తరచుగా హైఫన్‌తో విరగడానికి కారణం ఈ ఘనమే.

ఇక ప్రతి పంక్తి చెడుకు పది కలిపి, వర్గం చేసి, పేరా మొత్తానికి కూడుతారు. మాట విరిగితే, బిగుసుకున్న పంక్తి పక్కనే బాగా సాగిన పంక్తి పడితే అదనపు జరిమానా వేస్తారు. మొదటి పంక్తిలో చెడు సున్నా, రెండవ దానిలో 100 అయితే మొత్తం 100 కలిపి 12,100, అంటే 12,200. మొదటి పంక్తి నుంచి ఒక చిన్న మాటను కిందికి దించి రెండింటినీ చెరొక 12.5 దగ్గర నిలిపితే మొత్తం సుమారు 1,012 మాత్రమే. అందుకే టెక్ అందంగా ఉన్న మొదటి పంక్తిని కాస్త చెడగొట్టి, పేరా అంతటికీ అందం పంచుతుంది. చివర చేరిన ఒక్క మాట మొదటి పంక్తిని కదిలించడంలోని రహస్యం అదే.

వంద ఖాళీలున్న పేరాలో ప్రతి ఖాళీ దగ్గరా ‘విరవాలా, వద్దా’ అని అడిగితే ఒకటి పక్కన ముప్పై సున్నాలంత సంఖ్యలో అవకాశాలు తేలుతాయి. వాటన్నింటినీ పరీక్షించడం ఏ యంత్రానికీ సాధ్యం కాదు. రిచర్డ్ బెల్‌మన్ 1950లలో ప్రతిపాదించిన సూత్రం ఇక్కడ ఆదుకుంది. హైదరాబాదు నుంచి విశాఖపట్నానికి అతి దగ్గరి దారి విజయవాడ మీదుగా వెళ్లేదే అయితే, అందులోని హైదరాబాదు–విజయవాడ భాగం కూడా ఆ రెంటి మధ్య అతి దగ్గరి దారే అయి తీరాలి. అలాగే ఒక విరుపు దాకా వచ్చే దారులలో ఉత్తమమైన దానిని మాత్రమే గుర్తుంచుకుని మిగిలినవి వదిలేస్తే చాలు గనుక, 1970ల యంత్రాలు సైతం ఈ లెక్కను క్షణాలలో పూర్తిచేయగలిగాయి. ఇంతటి చక్కని ఉపాయం కంప్యూటర్ శాస్త్రంలో అరుదు. అదే ప్లాస్ తన సిద్ధాంత గ్రంథంలో, బొమ్మలతో కూడిన పుటలను ఉత్తమంగా విడదీసే సమస్యకు కొన్ని రూపాలలో ఇలాంటి వేగవంతమైన పరిష్కారం ఆశించలేమని నిరూపించాడు. పుటల విషయంలో టెక్ పాత అత్యాశ పద్ధతినే అనుసరించింది. టెంప్లేటులో బొమ్మ ఉండవలసిన చోటు వదిలి తరువాతి పుటకు పారిపోతున్నదని విసుక్కునేవారు ఈ సంగతి తెలుసుకోవాలి.

లేటెక్‌ను మైక్రోసాఫ్ట్ వర్డ్‌తో పోల్చడానికి 2014లో జర్మనీ పరిశోధకులు ఇద్దరు 40 మందికి అచ్చు పుటలిచ్చి, ముప్పై నిమిషాలలో ఉన్నవి ఉన్నట్టు తిరిగి తయారుచేయమని పరీక్ష పెట్టి, మామూలు పాఠంలోనూ పట్టికలలోనూ వర్డ్ వాడినవారే మెరుగని, సమీకరణాలలో మాత్రమే లేటెక్ వాడినవారు ముందున్నారని ప్రకటించారు. కళ్లెదుట ఉన్న పుట రూపాన్ని అనుకరించడం టెంప్లేటు పని కానే కాదు. ఆ రూపం గురించి రచయిత ఆలోచించే అవసరం లేకుండా చేయడమే దాని పని. కాబట్టి ఆ పరీక్ష కొలవవలసిన దానిని వదిలి మరొకదానిని కొలిచింది.

ఆచరణ విషయానికి వస్తే, ఇంత చక్కని యంత్రాంగాన్ని చేతిలో పెట్టుకుని జర్నళ్లు రచయితల కాలాన్ని వృథా చేస్తున్నాయన్నది కఠోర సత్యం. ఒక్కో వ్యాసాన్ని జర్నల్ కోరిన రూపంలోకి తేవడానికి మధ్యస్థంగా 14 గంటలు, ఒక్కో పరిశోధకుడికి ఏడాదికి 52 గంటలు ఖర్చవుతున్నాయని 2019లో వెలువడిన ఒక సర్వే తేల్చింది. తొలి సమర్పణకు ఏ రూపమైనా సరేనని కొన్ని ప్రచురణ సంస్థలు అంగీకరించడం మేలైన మార్పు. రచయితలు కూడా పుటల పరిమితికి లొంగడం కోసం మార్జిన్లు కుదించి, దూరాన్ని తగ్గించే రుణ ఖాళీలు చొప్పించి టెంప్లేటును వంచకుండా ఉండడం మంచిది.

తెలుగుకు ఈ లెక్క ఇంకా ఎక్కువ అవసరం. విభక్తులూ సంధులూ కలిసిన దీర్ఘపదాల వల్ల తెలుగు పంక్తిలో ఖాళీలు తక్కువ; ‘విశ్వవిద్యాలయాలన్నింటిలోనూ’ వంటి మాట ఇరుకు కాలమ్‌లో పడితే మిగిలిన రెండు మూడు ఖాళీలే భారమంతా మోయాలి, దిన పత్రికల కాలమ్‌లలో కనిపించే తెల్లని గుంటలు అలా పుట్టినవే. అయితే మాటను ఎక్కడ విరవాలో తేల్చడానికి ఫ్రాంక్ లియాంగ్ 1983లో ఆంగ్లానికి 4,447 నమూనాలు తయారుచేయవలసి రాగా, తెలుగులో అక్షరం ఎక్కడ ముగుస్తుందో రాతలోనే కనిపిస్తుంది గనుక ఆ పని ఎంతో సులువు. తెలుగు విరుపు నమూనాలు ఇప్పటికే టెక్‌తో పాటు ఉచితంగా లభిస్తున్నాయి. 1990ల తొలినాళ్లలోనే అమెరికాలోని తెలుగువారు రైస్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ఆర్‌టీఎస్ పద్ధతిలో రోమన్ లిపిలో టైపు చేసి, టెక్ ద్వారా తెలుగు అచ్చు తీసుకున్నారు; 2004లో యూనికోడ్‌ను నేరుగా చదివే జీటెక్ వచ్చాక ఆ అడ్డదారి అవసరం కూడా తీరిపోయింది. పరికరాలన్నీ సిద్ధంగా ఉన్నాయి. తెలుగులో సిద్ధాంత గ్రంథాలను స్వీకరించే విశ్వవిద్యాలయ శాఖలు, తెలుగు పరిశోధన పత్రికలు జీటెక్ మీద ఒక ఉమ్మడి టెంప్లేటును తయారుచేసి, ప్రతి పరిశోధక విద్యార్థికీ మొదటి సంవత్సరంలోనే ఉచితంగా అందజేయాలి.