మీకు తెలుసా? యాయా రోట్లో మన ఊరుబిండి

ఎర్రగడ్డకు చెప్పులు తొడిగే ఊళ్లున్నాయని మీకు తెలుసా? స్పెయిన్‌లోని కాటలోనియాలో, తరాగోనా నగరానికి దగ్గరగా వాల్స్ అని చిన్న పట్నం ఉంది. అక్కడి రైతులు ముదిరిన ఉల్లిగడ్డను మళ్లీ భూమిలో నాటుతారు. ఒక్కో గడ్డ నుంచి నాలుగు మొదలు పది దాకా మొలకలు లేస్తాయి. అవి పైకి వచ్చేకొద్దీ మొదట్లోకి మన్ను ఎగదోస్తూ ఉంటారు. ఎండ తగలక కాడ జానెడు పొడుగున తెల్లగా, తియ్యగా ఊరుతుంది. మన్ను ఎగదోయడాన్ని వాళ్ల భాషలో చెప్పులు తొడగడం అంటారు. ఆ మాట మీదే ఈ ఉల్లికి కాల్సోట్ అని పేరు వచ్చింది. జనవరి చివరి ఆదివారం వాల్స్‌లో దీనికో పండగే చేస్తారు.

కొండాపురంలో పుట్టి, ఎర్రగడ్డ నంజుకొని సంగటి తిని పెరిగిన నాకు ఈ సంగతి ఒక విందులో తెలిసింది. మా తమ్ముడి సంసారం బార్సిలోనాలో ఉంది. వాళ్ల పిల్లలూ పక్కింటి పిల్లలూ ఒకే బడి కావడంతో రెండిళ్లూ ఒక్కటైపోయాయి. పోయిన ఫిబ్రవరిలో నేను అక్కడ ఉన్నప్పుడు, ఆ పక్కింటామె తన పుట్టింటికి అందరినీ భోజనానికి పిలిచింది. వాల్స్‌కు దగ్గరి పల్లె అది. మామూలుగా ఇది మధ్యాహ్నపు విందట. మేం రైలు దిగేసరికే పొద్దు గుంకింది కాబట్టి మా కోసం రాత్రికి మార్చారు. పెరట్లో ఎండు ద్రాక్షకొమ్మల మంట భగభగమంటోంది. దాని మీద కాల్సోట్లను నల్లగా మాడేదాకా కాల్చి, పాత పేపర్లలో చుట్టి కాసేపు మగ్గబెట్టి, ఇంటి పైకప్పు పెంకుల్లో పెట్టి తెచ్చారు. పళ్లేల్లేవు. పెంకు అయితే వేడి నిలుస్తుందట. మెడకు గుడ్డ కట్టుకొని, మాడిన పొరను ఒక్క గుంజు గుంజితే లోపల తెల్లటి కాడ ఆవిర్లు కక్కుతూ జారి వస్తుంది. దాన్ని ఎర్రటి నంజులో ముంచి, తల వెనక్కి వాల్చి నోట్లోకి దించుకోవాలి. చేతులు మసి, మూతి ఎరుపు. ఆ విందులో అదే మర్యాద.

నంజు పేరు రొమెస్కో. చేసింది ఆమె తల్లి, ఎనభై దాటిన పెద్దామె. పిల్లలంతా యాయా అంటారు, కాటలాన్‌లో అవ్వకు ముద్దుపేరు. అసలు మాట ఆవియా. మన అవ్వకూ ఆ ఆవియాకూ చుట్టరికం ఏమీ లేదు, ఊరికే కలిసిన మాటలు. అయినా వినగానే నా ప్రాణం లేచి వచ్చింది.

యాయా పక్కన నిలబడి చూశాను. టమాటాలూ తెల్లగడ్డలూ నిప్పుల మీద కాల్చింది. న్యోరా అనే గుండ్రటి ఎండుమిరపకాయను నానబెట్టి, లోపలి గుజ్జును స్పూనుతో గీకింది. వేయించిన బాదం, నూనెలో వేగిన రొట్టెముక్క, ఉప్పు, చుక్క వెనిగర్ వేసి చిన్న రోట్లో నూరుతూ ఆలివ్ నూనె సన్నని ధారగా పోసింది. శెనక్కాయలు, ఎండుమిరపకాయలు, తెల్లగడ్డలు, చింతపండు వేసి మనం నూరుకునే ఊరుబిండి ఇదే కదా! బాదం చోట శెనక్కాయ, వెనిగర్ చోట చింతపండు. నేను సీసాలో కట్టుకుపోయిన ఊరుబిండిని యాయా ముందు పెట్టాను. వేలికొసతో నాకింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. సీసా మాత్రం తన వైపుకే జరుపుకుంది.

ఇంతకూ మిరపకాయ వాళ్లదీ కాదు, మనదీ కాదు. కొలంబస్ 1493లో అమెరికా ఖండం నుంచి స్పెయిన్‌కు తెచ్చాడు. పదహారో శతాబ్దంలో పోర్చుగీసు ఓడల మీద మన రేవులకు చేరింది. అంటే 1503లో కన్నుమూసిన మన తాళ్లపాక అన్నమయ్య మిరపకాయ రుచి ఎరగడన్నమాట. ఆయన కాలంలో కారమంటే ముఖ్యంగా మిరియాల ఘాటే. కొత్త కాయకు పేరు పెట్టడంలోనూ ఇద్దరం ఒక్కదారే పట్టాం. స్పానిష్‌లో మిరియం పిమియెంతా, మిరపకాయ పిమియెంతో. మనకు మిరియం, మిరప. తెలిసిన ఘాటు పేరే తెలియని కాయకు అంటింది. టమాటా, శెనక్కాయ, ఉర్లగడ్డ కూడా ఆ ఖండం నుంచి వచ్చినవే. తరువాత వడ్డించిన తోర్తియా గుడ్డుతో, ఉర్లగడ్డతో చేసిన మందపాటి అట్టు. మెక్సికోలో తోర్తియా అంటే రొట్టె, స్పెయిన్‌లో ఇది.

బువ్వ మాటకొస్తే, వరిని స్పెయిన్‌కు తెచ్చింది అరబ్బులు. అందుకే స్పానిష్‌లో బియ్యానికి అర్రోస్ అనే అరబ్బీ మాటే మిగిలింది. పాయెల్యా అన్నది నిజానికి వెడల్పాటి పెనం పేరు, తరువాత అందులో వండే అన్నానికి అంటుకుంది. వలెన్సియా వాళ్లకు అందులో అన్నిటికంటే ఇష్టమైంది అడుగంటిన మాడు, సొకర్రాత్ అంటారు. సంగటి కడవ అడుగు గీకడానికి పోట్లాడుకున్న పిల్లలకు దాని విలువ చెప్పనక్కర లేదు.

ఆ ఇంట్లో మేం అన్నానికి కూర్చునేసరికి రాత్రి తొమ్మిదిన్నర దాటింది. స్పెయిన్‌లో అది ఆలస్యం కిందికి రాదు. ఆ దేశం ఉన్నది దాదాపు బ్రిటన్‌కు నేరుగా కింద. 1940 మార్చిలో ఫ్రాంకో ప్రభుత్వం గడియారాన్ని గంట ముందుకు జరిపి, జర్మనీ సమయంతో కలిపింది. యుద్ధం అయిపోయినా ముల్లు వెనక్కి రాలేదు. అందుకే అక్కడ గడియారం సూర్యుడికంటే ముందు నడుస్తుంది, జనం మాత్రం సూర్యుణ్నే నమ్ముకొని తింటారు.

చివర్లో బుట్టెడు నారింజలు వచ్చాయి. పండును స్పానిష్‌లో నరాంహా అంటారు. సంస్కృత నారంగం పారసీకానికి, అక్కడి నుంచి అరబ్బీకి, అరబ్బీ నుంచి స్పానిష్‌కు పోయిన మాట అది. ఆ సంస్కృత మాటకు మూలం ద్రావిడ భాషల్లోనే ఉందని చాలామంది పండితుల అభిప్రాయం. మన నారింజ కూడా ఈ మాటలకు చుట్టమే. ఇంకో ముచ్చట పులివెందుల తోటల వాళ్లు తప్పక వినాలి. స్పానిష్ మాట్లాడే ప్యూర్టోరికో ద్వీపంలో తియ్యటి నారింజను చీనా అనే పిలుస్తారు, ఆ పండు పుట్టిల్లు చైనా కాబట్టి. మనం చీనీ అంటున్నాం. సముద్రాల అవతల ఎవరో చీనా రసం తాగుతుంటే, ఇక్కడ మన లారీలు చీనీకాయలతో మార్కెట్టుకు పోతున్నాయి.

"మీది ఏ ఊరు?" అని ఇంటాయన అడిగాడు. కొండాపురం అంటే తెలియలేదు. తాడిపత్రి పక్క అన్నాను, తెలియలేదు. అనంతపురం దగ్గర అనగానే బల్ల చుట్టూ అందరూ ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టారు. అందరి నోటా విసెంతె ఫెర్రర్ పేరే. ఆయన పుట్టింది బార్సిలోనాలోనే, 1920లో. 1952లో భారతదేశానికి వచ్చి, 1969లో అనంతపురంలో అడుగుపెట్టి, 2009లో చనిపోయేదాకా కరువునేలను వదలని మనిషి. ఆయన సమాధి బత్తలపల్లిలో ఉంది, ఆయన సంస్థ కట్టిన పెద్దాసుపత్రి ఉన్న ఊరే. స్పెయిన్‌లో వేలకొద్దీ ఇళ్లు నెలనెలా కొంత డబ్బు పంపి, అనంతపురం పల్లెల్లో ఒక్కో బిడ్డకు అండగా నిలుస్తూ వచ్చాయి. బిడ్డ రాసిన ఉత్తరాలు ఆ ఇళ్లకు పోతూ వచ్చాయి. ఆ బల్ల దగ్గర కూడా అలాంటి ఉత్తరాలందుకున్న బంధువొకరున్నారు. అంతవరకూ అతిథిగా చూసినవాళ్లు, ఆ క్షణం నుంచి నన్ను తమ ఊరివాళ్లలాగే చూశారు.

బల్ల మీదివన్నీ తీశాక కూడా ఎవరూ లేవలేదు. భోజనం ముగిసినా బల్ల దగ్గరే కూర్చొని చెప్పుకునే కబుర్లకు స్పానిష్‌లో సోబ్రెమేసా అని ప్రత్యేకంగా ఒక మాట ఉంది. ఎంగిలిచేయి ఎండబెట్టుకోకూడదని లేచి, చేయి కడుక్కొని అరుగెక్కి ముచ్చట్లు పెట్టుకోవడం మన పద్ధతి.

లేచేసరికి అక్కడ అర్ధరాత్రి, కొండాపురంలో తెల్లవారుజాము నాలుగున్నర. ఫోన్ చేస్తే అమ్మ అప్పటికే లేచి కసువు ఊడుస్తోంది.

"ఏం తింటిరి?"

"ఎర్రగడ్డలు కాల్చి పెట్టిరి మా."

"అంత దూరం పోయి ఎర్రగడ్డలేనా?" అని, రోటి సంగతంతా విన్నాక కాసేపు ఆగి అంది. "ఆ పెద్దామెకు ఈసారి మన శెనక్కాయలు పంపిద్దాం. బాదంతో చేస్తే జిడ్డు ఎక్కువైతాది."