చక్రం మారితే వేగం మారుతుందా?

ఆదివారంనాడు హైదరాబాదులో ఎర్రగడ్డ మీదుగా వెళ్లేవారికి రోడ్డు పక్కన పెద్ద సంత కనిపిస్తుంది. అక్కడ రకరకాల పాత సామాన్లు అమ్ముతారు. వాటి మధ్య నాలుగు మెరిసే కారు చక్రాలు మీ కంటపడ్డాయనుకుందాం. మీ బాబాయికి ఒక పాత స్పోర్ట్స్ కారు ఉంది. ఈ చక్రాలు దానికి బిగించాలని ఆయన ముచ్చట. కొనమంటారా, వద్దంటారా? తొందరపడకండి. టేపూ, పెన్సిలూ ఉంటే జవాబు మీరే చెప్పగలరు.

ఆ కారు ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనుకుందాం. దానికి మన దక్షిణాదితో చుట్టరికం ఉంది. 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ హెరాల్డ్ కార్లు తయారయ్యేవి. ఆ హెరాల్డ్ చట్రాన్నే కురచ చేసి ఇంగ్లండులో 1962లో స్పిట్‌ఫైర్‌ను తెచ్చారు. 1980 దాకా అది తయారైంది.

చివరి స్పిట్‌ఫైర్ల టైరు కొలత "155 ఎస్ఆర్ 13". ఇందులో 155 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. "ఎస్" అంటే గంటకు 180 కిలోమీటర్ల వేగం వరకు పనికివస్తుందని. "ఆర్" అంటే రేడియల్ టైరు. 13 అంటే రిమ్ము వ్యాసం, అంగుళాలలో! సంతలోని చక్రాల మీద "195/65 ఆర్ 15" అని ఉంది. ఇక్కడ 65 అంటే టైరు పక్కగోడ ఎత్తు, వెడల్పులో 65 శాతం అన్నమాట. పాత రేడియల్ టైర్ల మీద ఈ అంకె ఉండదు. సుమారు 80 శాతం అని తీసుకోవచ్చు.

ఇక లెక్క వేద్దాం. రిమ్ముకు పైనా, కిందా కూడా టైరు ఉంటుంది కనుక పక్కగోడను రెండుసార్లు కలపాలి.

పాత చక్రం: 330.2 + 124 + 124 = 578.2 మి.మీ.
సంతలోని చక్రం: 381 + 126.75 + 126.75 = 634.5 మి.మీ.

వ్యాసాన్ని 3.14తో హెచ్చిస్తే చుట్టుకొలత వస్తుంది. పాత చక్రం ఒక చుట్టుకు సుమారు 1.82 మీటర్లు పోతే, ఇది 1.99 మీటర్లు పోతుంది. కిలోమీటరుకు అది 550 సార్లు తిరిగితే, ఇది 502 సార్లే తిరుగుతుంది.

స్పిట్‌ఫైర్ స్పీడోమీటరుకు రోడ్డు కనబడదు. గేరుబాక్సు నుంచి వచ్చే కేబులు ఎంత త్వరగా తిరిగితే ముల్లు అంత ముందుకు పోతుంది. చక్రం పెద్దదైన సంగతి దానికేం తెలుసు? ముల్లు 60 చూపిస్తున్నప్పుడు కారు నిజంగా 66 కిలోమీటర్ల వేగంతో పోతూ ఉంటుంది. ఆరే కదా అనుకోకండి. బ్రేకు పడ్డాక కారు ఆగే దూరం వేగం వర్గాన్నిబట్టి పెరుగుతుంది. 20 మీటర్లలో ఆగవలసిన కారు 24 మీటర్లు పోతుంది. ఆ నాలుగు మీటర్లలో ఎవరైనా రోడ్డు దాటుతూ ఉంటే?

పైగా చక్రం పెద్దదైతే అదే ఇంజను నేలను నెట్టే బలం తగ్గుతుంది. జూబిలీహిల్స్ ఎత్తులు ఎక్కేటప్పుడు కారు ఆయాసపడుతుంది.

మరి పెద్ద రిమ్ము అసలు పనికిరాదా? వస్తుంది. రిమ్ము పెరిగినంత మేర పక్కగోడ తగ్గాలి. "185/60 ఆర్ 14" తీసుకోండి. 355.6 + 111 + 111 = 577.6 మి.మీ. పాతదానికి దాదాపు సమానం! అయితే పక్కగోడ పొట్టిదైతే గుంతల దెబ్బ రిమ్ముకు ఎక్కువగా తగులుతుంది. టైరు వెడల్పైతే స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు మడ్‌గార్డుకు రాసుకోవచ్చు. ఆ టైరుకు తగిన వెడల్పు రిమ్ముకూ ఉండాలి. స్పిట్‌ఫైర్ చక్రం నాలుగు బోల్టులు 95.25 మి.మీ. వ్యాసమున్న వృత్తం మీద ఉంటాయి. ఈనాడు ఎక్కువగా కనిపించే 100 మి.మీ. వృత్తపు చక్రాన్ని బలవంతంగా బిగిస్తే, అది దారిలో వదులైపోయే ప్రమాదముంది.

ఇంకొక్క మాట. టైరు పక్కగోడ మీద తయారీ తేదీ నాలుగంకెలలో ఉంటుంది. "2319" అంటే 2019లో 23వ వారం. గాడులు లోతుగానే ఉన్నా, రబ్బరు ఏళ్ల తరబడి ఎండకూ గాలికీ గట్టిపడి బీటలిస్తుంది. అలాంటి టైరు ఎంత చవకైనా కొనకూడదు.

ఈ లెక్కను మీ సైకిలు మీదే సరిచూడవచ్చు. టైరు నేలను తాకేచోట సుద్దముక్కతో గుర్తు పెట్టండి. గుర్తు మళ్లీ నేలను తాకేదాకా సైకిలు నడిపించి, ఆ దూరం కొలవండి. తర్వాత ఎవరినైనా సీటు మీద కూర్చోబెట్టి మళ్లీ కొలవండి. రెండోసారి దూరం కొద్దిగా తగ్గుతుంది. ఎందుకో ఆలోచించండి!