గడకర్ర, శనగగింజ, పన్నెండో ఎక్కం

హోసూరులో ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్ 24 ప్రాంతంలోనూ ఆగస్టు 18, 19 తేదీల్లోనూ, నిట్టనిలువుగా పాతిన గడకర్రకు నడిమధ్యాహ్నం నీడ ఉండదు. సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. కాస్త దక్షిణాన ఉన్న కృష్ణగిరిలో ఒక రోజు అటూ ఇటూ.

ఏప్రిల్‌లో నీడ మాయమయ్యేది 12 గంటలకు కాదు, సుమారు 12:17కి. ఎందుకో అయిదో తరగతి బిడ్డ కూడా లెక్క కట్టగలదు. రోజుకు 1440 నిమిషాలు. 360తో భాగిస్తే భూమి ఒక్కో డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు. మన గడియారాలు నడిచేది 82.5 డిగ్రీల రేఖాంశం లెక్కన, హోసూరు ఉన్నది 77.8 దగ్గర. తేడా 4.7ను 4తో హెచ్చిస్తే దాదాపు 19. భూమి వంపు, కక్ష్య ఆకారం వల్ల ఆ రోజుల్లో సుమారు రెండు నిమిషాలు తగ్గుతాయి. ఇంతకంటే మంచి భాగహారం లెక్క ఏ వాచకంలో ఉంటుంది?

మార్చి 21 ప్రాంతంలో మీటరు కర్ర మధ్యాహ్నపు నీడ హోసూరులో 23 సెంటీమీటర్లు, హైదరాబాదులో 31. ఇలాంటి తేడాతోనే 2,200 ఏళ్ళ కిందట గ్రీకు పండితుడు ఎరటోస్తనీస్ భూమి చుట్టుకొలత కట్టాడు.

హోసూరు కొండమీది చంద్రచూడేశ్వరుడి పేరులోనే చంద్రుడున్నాడు. చంద్రుడు సూర్యుణ్ణి దాటి 12 డిగ్రీలు జరిగితే ఒక తిథి. పన్నెండో ఎక్కం చదివితే 15 దగ్గర 180, పున్నమి; 30 దగ్గర 360, అమావాస్య. ఎక్కాన్ని వట్టినే బట్టీ పట్టించడం కన్నా, పంచాంగం పక్కన పెట్టుకుని చెప్పించడం మేలు.

శనగగింజ భూమి అనుకోండి. ఆవగింజకంటే కాస్త పెద్ద గింజ చంద్రుడు. మధ్య దూరం బిడ్డల పెట్టెలోని 30 సెంటీమీటర్ల స్కేలంత! సూర్యుడు మాత్రం మీటరుకు పైగా వెడల్పుతో 117 మీటర్ల అవతల.

కృష్ణగిరికి తూర్పున, ఇంచుమించు అదే అక్షాంశం మీద, జవ్వాదు కొండల్లో కావలూరు వేధశాల ఉంది. హైదరాబాదులో పెరిగిన ఖగోళ శాస్త్రవేత్త వేణు బప్పు పేరు దానిది. అక్కడి 2.3 మీటర్ల అద్దం చీకట్లో మన కనుపాపకంటే లక్ష రెట్లు ఎక్కువ వెలుతురు పడుతుంది.

అయ్యవార్లకు ఒక మనవి. ఏప్రిల్ చివర సెలవుల హడావుడి ఉంటుంది, ఆగస్టులో బడి ఉంటుంది. 18న 12:22కి బిడ్డల్ని ఆవరణలోకి తీసుకురండి. సూర్యుడివైపు చూడనివ్వకండి, నేలవైపు చూడమనండి.