సవరణకు తోడు పరీక్ష

కంప్యూటరు చేయవలసిన పనులను క్రమముగా తెలుపు వ్రాతకు ప్రోగ్రాము అని పేరు. కొన్ని ప్రోగ్రాములను వాని కర్తలు గోప్యముగా నుంచుదురు. మరికొన్నింటిని లోకమునకెల్ల వెల్లడించి, ఎవరైనను చదువవచ్చును, దిద్దవచ్చును అని అనుమతింతురు. ఇవియే ఓపెన్ సోర్సు ప్రోగ్రాములు. 1998లో ఆరంభమైన ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. అట్టిది. ఇంటర్నెట్టులో పోవు సమాచారమును ఇతరులు చదువకుండ గుప్తలిపిలోనికి మార్చుట దాని పని.

2012 మార్చిలో వెలువడిన దాని కూర్పులో ఒక క్రొత్త సౌకర్యము చేరెను. రెండు కంప్యూటర్ల నడుమ సంబంధము నిలిచియున్నదో లేదో తెలిసికొనుటకు, ఒకటి ఒక మాటను పంపి దాని పొడవును గూడ చెప్పును. రెండవది ఆ మాటనే తిరిగి పంపవలెను. నాలుగక్షరముల మాట పంపి, అరువదివేల అక్షరములని బొంకినచో ఏమగును? రెండవ కంప్యూటరు లెక్క చూడక, ఆ నాలుగింటితోపాటు తన మెమరీలో ప్రక్కనున్న దానినెల్ల పంపివేయుచుండెను. మానెడు గింజలు దాచనిచ్చి, పుట్టెడిచ్చితినని చెప్పినవానికి గాదె తెరచి పుట్టెడు కొలిచి యిచ్చినట్లు! అట్లు పోయినదానిలో ఇతరుల పాస్‌వర్డులుండవచ్చును. గుప్తలిపిని విప్పు రహస్య సంఖ్యయే యుండవచ్చును. ఒక్కొక్క మారు 64 కిలోబైట్ల వరకు లభించును. ఎన్ని మారులైనను అడుగవచ్చును. దొంగ వచ్చిన జాడయు సాధారణముగా మిగులదు.

ఈ భాగమును ఒకరు వ్రాయగా, అనుభవజ్ఞుడైన మరియొకరు చదివి సమ్మతించిరి. ఇరువురి కంటను దోషము పడలేదు. నిజమైన పొడవు చెప్పినంతకాలము అంతయు సక్రమముగనే జరుగుచుండెను గదా! పరీక్షించువారు బొంకువానిని గూడ ఒకమారు తలుపు తట్టనిచ్చి చూడవలసియుండెను.

రెండేండ్లకు, గూగుల్ సంస్థ ఇంజనీరును, కోడెనామికాన్ అను ఫిన్లాండు సంస్థవారును వేర్వేరుగా దీనిని కనుగొనిరి. 2014 ఏప్రిల్ 7న లోకమునకు తెలిసిన ఈ దోషమునకు 'హార్ట్‌బ్లీడ్' అని పేరు వచ్చెను. సవరణ మిగుల చిన్నది: చెప్పిన పొడవు వచ్చిన సందేశమును మించినచో, బదులీయక విడిచిపెట్టవలెను. కాని ఆ చిన్న సవరణ అందువరకు దేశదేశముల కంప్యూటర్ల గాదెలు తెరచియే యుండెను.

ఇట్టి సవరణను పంపువారు మొదట పరీక్షను వ్రాయుట మేలు. తప్పుడు పొడవును పంపు చిన్న ప్రోగ్రామును వ్రాసి, పాత కూర్పుపై నడుపవలెను. అక్కడ అది విఫలము కావలెను. కానిచో అది దోషమును తాకనేలేదన్నమాట. పిదప సవరణ చేసి మరల నడుపగా నెగ్గవలెను. తక్కిన పాత పరీక్షలన్నియు నెగ్గినవో లేవో చూచి, దోషమేమో, సవరణయేమో నాలుగు వాక్యములలో వివరించి నిర్వాహకులకు పంపవలెను. వారు ప్రశ్నింతురు, మార్పులు కోరుదురు. ఒక్కొక్కప్పుడు నెలలు గడచును.

హార్ట్‌బ్లీడ్ కొరకు అట్టి పరీక్ష 2014లోనే ఓపెన్ ఎస్.ఎస్.ఎల్.లో చేర్చబడెను. ప్రోగ్రామును మార్చిన ప్రతిసారియు ఇట్టి పరీక్షలను నడుపుదురు. ఎన్నడైన నెవరైన తెలియక అట్టి కట్టుబాటును తొలగించినచో, దాని పరీక్ష విఫలమై వారికి తెలుపును. దోషమును దిద్దనేరనివారు పరీక్షను మాత్రము వ్రాసి పంపినను, పెక్కు ప్రోగ్రాముల నిర్వాహకులు సంతోషముతో గ్రహింతురు.