కప్ప గాయం ఎందుకు చీము పట్టలేదు?

అమెరికాలో మైకేల్ జాస్లాఫ్ అనే శాస్త్రవేత్త ఆఫ్రికా కప్పలకు ఆపరేషన్ చేసి, కుట్లేసి, మళ్లీ తొట్టిలో వదిలేవాడు. నీళ్లనిండా సూక్ష్మజీవులే! అయినా గాయాలు శుభ్రంగా మానేవి. ఎలా? కప్ప చర్మంలోనే మందుంది. 1987లో ఆ చిట్టి ప్రొటీన్లకు ‘మెగైనిన్లు’ అని పేరుపెట్టాడు. హీబ్రూలో ‘మాగెన్’ అంటే డాలు.

బాక్టీరియా పైపొరది రుణావేశం, మెగైనిన్‌ది ధనావేశం. అందుకే వెళ్లి అతుక్కుని, పొరకు చిల్లులు పొడుస్తుంది. లోపలి సరుకంతా కారిపోయి బాక్టీరియా చస్తుంది. ఎంత అందమైన ఉపాయం!

సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జబ్బు ఉన్న పిల్లల ఊపిరితిత్తుల్లో కఫం జిగురులా పేరుకుంటుంది. యాంటీబయాటిక్‌లకు లొంగని సూడోమోనాస్ అనే బాక్టీరియా అక్కడే కాపురం పెడుతుంది. దాని మీదికి మెగైనిన్ లాంటి జంతువుల ప్రొటీన్లను పంపాలని పరిశోధకుల ప్రయత్నం. చిక్కేమిటంటే, ఆ కఫంలోని ఎంజైములు వాటిని ముక్కలు చేసేస్తాయి. అందుకే, తెగకుండా తట్టుకునేలా వాటిని ప్రయోగశాలల్లో మలుస్తున్నారు.