పదిహేను గళ్ల బరువు

విజయవాడ కాళేశ్వరరావు మార్కెట్లో కూరగాయల గంపల పక్కన నిలబెట్టిన క్యూఆర్ కోడ్ అట్ట శుభ్రంగా ఉండడం కష్టం. నీళ్లు చిందుతాయి, మట్టి అంటుతుంది, ఎండకు నలుపు వెలుస్తుంది. అయినా ఫోను చూపగానే డబ్బు వెళ్లిపోతుంది. ఆ అట్టను దగ్గరగా చూస్తే మూడు మూలల్లో మూడు పెద్ద చదరాలు కనిపిస్తాయి. పై ఎడమ చదరాన్ని ఆనుకుని 15 చిన్న గళ్లు ఉంటాయి. ఈ అట్టలో తప్పులు దిద్దే ఏర్పాటు ఏ స్థాయిది, మిగతా గళ్ల మీద ఏ ముసుగు వేశారు అన్నది ఫోనుకు చెప్పేవి ఆ పదిహేనే. అక్కడ పొరపడితే మిగతాదంతా వట్టి నలుపు తెలుపుల గందరగోళం. అందుకే వాటిని మిగతా రెండు చదరాల పక్కన ఇంకోసారి కూడా ముద్రిస్తారు.

ఆ 15 గళ్లలో అసలు సమాచారం 5 బిట్లే. మిగతా పదీ కాపలా.

5 బిట్లతో 32 మాటలు ఏర్పడతాయి. ఒక్కో మాట 15 సున్నాలు, ఒకట్ల వరుస. వాటి మీద ఒక స్థిరమైన నమూనా కలిపి అచ్చు వేస్తారు, చదివేటప్పుడు దాన్ని తీసేస్తారు. మాటలో ఎన్ని ఒకట్లు ఉంటే దాని బరువు అంత. ఈ 32 మాటలనూ తూచి చూస్తే 0 బరువుది ఒకటి, 7 బరువువి 15, 8 బరువువి 15, 15 బరువుది ఒకటి. ఇంకే బరువూ లేదు. దీన్నే ఆ కోడ్ బరువుల పట్టిక అంటారు.

ఈ చిన్న పట్టిక చేసే పని పెద్దది. ఇది లీనియర్ కోడ్. అంటే ఏ రెండు మాటలను గడికి గడి కలిపినా, ఒకేలా ఉన్నచోట 0, తేడా ఉన్నచోట 1 రాసుకుంటే, వచ్చేది కూడా ఆ 32లోని మాటే. కాబట్టి రెండు మాటలు ఎన్ని గళ్లలో విడిపోతాయో తెలియాలంటే 496 జతలనూ పోల్చనక్కర్లేదు. 31 బరువులు చాలు. సున్నా కాని మాటల్లో అతి తక్కువ బరువు 7, అంటే ఏ రెండు మాటలైనా కనీసం 7 గళ్లలో వేరు. మూడు గళ్లు చెడినా అసలు మాటే మిగతావాటికంటే దగ్గరగా ఉంటుంది, ఫోను దాన్నే పట్టుకుంటుంది.

ఈ కోడ్ కుటుంబానికి బీసీహెచ్ అని పేరు. బీ అంటే రాజ్ చంద్ర బోస్, సీ అంటే ఆయన శిష్యుడు ద్విజేంద్ర కుమార్ రే-చౌధురి. వాళ్ల పరిశోధన పత్రం 1960లో వచ్చింది. హెచ్ అంటే అంతకు ఏడాది ముందే విడిగా ఇదే కనుగొన్న ఫ్రెంచి గణితవేత్త ఒకెంగెమ్ (Hocquenghem). బోస్ అమెరికా వెళ్లకముందు కలకత్తాలో మహలనోబిస్ స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేశారు. అక్కడ పంట పొలాల్లో ప్రయోగాలు ఎలా పెట్టాలన్నది పెద్ద గణిత సమస్య.

1941లో అదే సంస్థలో ఒక తెలుగు యువకుడు చేరాడు. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నం బడుల్లో చదువుకుని, ఆంధ్రా యూనివర్సిటీలో గణితం పూర్తిచేసి వెళ్లిన కల్యంపూడి రాధాకృష్ణారావు. సి.ఆర్.రావు అనగానే క్రామర్–రావు సూత్రం గుర్తుకొస్తుంది. కానీ 1947లో ఆయన ప్రచురించిన ఆర్థోగోనల్ ఎరేల పని కూడా అంత గొప్పదే. అప్పటికి షానన్ సమాచార సిద్ధాంతం రాలేదు, హామింగ్ కోడ్ అచ్చు కాలేదు.

ఆ పని ఏమిటో కృష్ణా డెల్టా వరి పొలంలో పెట్టి చూడవచ్చు. జింకు వేయాలా వద్దా, వెద పద్ధతా నాట్లా, పచ్చిరొట్ట దున్నాలా, కాలిబాటలు తీయాలా... ఇలాంటి ప్రశ్నలు 15 ఉన్నాయనుకుందాం. అన్ని కలయికలూ పరీక్షించాలంటే 32,768 మళ్లు కావాలి. అంత నేల, అంత కూలి ఎవరి దగ్గరుంది? క్యూఆర్‌లోని ఆ 32 మాటలనే తీసుకుని ఒక్కో మాటను ఒక్కో మడికి ఇస్తే, 1 ఉన్నచోట ఆ పని చేయాలి, 0 ఉన్నచోట మానాలి. అప్పుడు ఏ మూడు ప్రశ్నలు ఎంచుకున్నా, వాటి 8 కలయికల్లో ప్రతిదీ సరిగ్గా నాలుగు మళ్లలో పడుతుంది. జింకు ఫలితాన్ని పచ్చిరొట్ట ఫలితం కప్పేయదు.

మూడే ఎందుకు? జవాబు మళ్లీ బరువుల్లోనే ఉంది. ప్రతి లీనియర్ కోడ్‌కూ ఒక జంట కోడ్ ఉంటుంది. బెల్ ల్యాబ్స్‌లో ప్రోగ్రామర్‌గా చేరిన జెస్సీ మెక్‌విలియమ్స్ ఒక కోడ్ బరువుల పట్టిక నుంచి దాని జంట పట్టికను నేరుగా లెక్కగట్టే సూత్రాన్ని తన 1962 హార్వర్డ్ సిద్ధాంత వ్యాసంలో ఇచ్చారు. మన పట్టికను ఆ సూత్రంలో వేస్తే 1,024 మాటల జంట కోడ్ వస్తుంది. అందులో 1, 2, 3 బరువు మాట ఒక్కటీ లేదు. మొదటగా కనిపించేవి 4 బరువువి, 105 మాటలు. మూడు వరకు ఖాళీ కాబట్టే పొలంలో మూడేసి ప్రశ్నలు చక్కగా విడిపోయాయి. కోడ్‌లకూ ప్రయోగ రచనకూ ఉన్న ఈ చుట్టరికం మీద బోస్ 1961లోనే ఒక వ్యాసం రాశారు.

ఇంకా తక్కువ మళ్లతో సరిపెట్టలేమా అని రైతు అడగవచ్చు. దానికి రావు 1947లోనే హద్దు గీశారు. ఈ పని 15 ప్రశ్నలకు జరగాలంటే కనీసం 30 మళ్లు కావాలి. 8 కలయికలూ సమానంగా రావాలి కనుక మళ్ల సంఖ్య 8తో భాగింపబడాలి. అంటే 32. ఒక్క మడి కూడా తగ్గదు.

రావు 102 ఏళ్ల వయసులో, 2023 ఆగస్టు 22న కన్నుమూశారు. నూజివీడు, నందిగామ, విజయవాడల్లో లెక్కలు చెప్పే అధ్యాపకులు ఆ 32 మాటలనూ ఒకసారి నల్లబల్ల మీద రాయించి, బరువులు పిల్లల చేతే లెక్కపెట్టించాలి. డిగ్రీ విద్యార్థికి అందని గణితం ఇందులో ఏమీ లేదు.